మోపు దించడమూ ధమ్మమే

ఓర్పు గొప్ప గుణం. ఖంతి అని దాన్ని పది పారమితల్లో ఒకటిగా చెప్పుకుంటాం. అంటిపెట్టుకోవడం, అంటే ఉపాదానం, దుఃఖానికి దారి. చిక్కేమిటంటే, బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రెండూ వదలవు. మరి తేడా తెలిసేదెలా?

డబ్బు సంగతే చూద్దాం. అమెరికాలో ఏ123 సిస్టమ్స్ అనే లిథియం అయాన్ బ్యాటరీల కంపెనీ ఉండేది. 2009 సెప్టెంబరులో ఒక్కో షేరు 13.50 డాలర్లకు అమ్మింది. మొదటిరోజే ధర 20 డాలర్లు దాటింది. ప్రభుత్వం 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది. పొగలేని కార్లు రావాలన్నది మంచి ఆశే. కానీ అనుకున్నంత గిరాకీ రాలేదు. 2012 మార్చిలో లోపమున్న బ్యాటరీలు మార్చి ఇవ్వాల్సొచ్చింది. అక్టోబరు 16న కంపెనీ దివాలా తీసింది. అప్పటికి షేరు పావు డాలరు. తర్వాత వాన్‌షియాంగ్ అనే చైనా సంస్థ దాని ఆస్తుల్లో చాలా భాగం కొనుక్కుంది. బ్యాటరీ బతికింది. షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇలాంటప్పుడు చిన్న మదుపరి మనసులో తిరిగే మాట ఒకటే: "ఇంత పెట్టాను, ఇప్పుడెలా వదిలేది? కొన్న ధర వస్తే చాలు, అమ్మేస్తా." కానీ మీరు ఎంతకు కొన్నారో మార్కెట్టుకు తెలియదు. ఆ ధర ఒక జ్ఞాపకం, అంతే.

దీఘ నికాయంలోని పాయాసి సుత్తంలో కుమార కస్సపుడు ఒక కథ చెబుతాడు. ఇద్దరు స్నేహితులు జనుము మోపులు ఎత్తుకుని బయల్దేరారు. దారిలో నూలు, బట్ట, రాగి, వెండి, చివరికి బంగారం కనబడ్డాయి. ఒకడు ప్రతిచోటా పాత మోపు దించి మేలైనది ఎత్తుకున్నాడు. రెండోవాడు, "ఇంత దూరం మోశాను, గట్టిగా కట్టాను, నాకిదే చాలు" అన్నాడు. జనుముతోనే ఇల్లు చేరాడు. అమ్మానాన్నలకు, ఆలుబిడ్డలకు ఆ మోపు సంతోషం ఇవ్వలేదు.

మోసిన దూరం మోపు విలువను పెంచదు. అదీ అసలు సంగతి.

అలాగని నష్టంలో ఉన్న ప్రతి షేరూ అమ్మేయమని కాదు. ఓపిక పట్టినవాళ్లకే లాభం రావచ్చు కూడా. లాభం వచ్చిందా లేదా అన్నది కాదు, మనసు ఎలా ఉందన్నది చూడాలి. ఓర్పు కళ్లు తెరుచుకుని ఉంటుంది. చెడ్డ వార్తనూ వింటుంది, లెక్క మళ్లీ వేస్తుంది. ఉపాదానం చెవులు మూసుకుంటుంది, హెచ్చరించినవాణ్ణి శత్రువంటుంది. ఒక్కోసారి తన ధర పడకూడదని, "ఆగండి, పెరుగుతుంది" అంటూ పక్కవాళ్లనూ ఆపుతుంది. తనకే నమ్మకం లేని మాట ఇంకొకరికి చెప్పడం సమ్మావాచ కాదు. ఆ మాట మీద ఎవరింట్లోనో పిల్లల ఫీజు డబ్బులు ఆధారపడి ఉండొచ్చు.

కాబట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మోపు నా నెత్తిన లేకపోతే, ఇవాళ తెలిసినదంతా తెలిసి, దీన్ని కొత్తగా ఎత్తుకుంటానా? అవునంటే నిశ్చింతగా మోయండి. కాదంటే దించండి. మోపు దించినవాణ్ణి ఆ కథలో ఎవరూ ఓడిపోయాడనలేదు.