చేప లేని దాణా, శాకాహార గుడ్డు

ఎండుచేపల పొడి కలపకుండా గింజలూ నూనెచెక్కలతోనే మేపిన కోడి పెట్టే గుడ్డు శాకాహారమవుతుందా అన్నది ఆహారధర్మానికి సంబంధించిన ప్రశ్న. గుడ్లకోడి దాణాలో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం దాకా ఉండాలి. అందులో పెద్దవాటా ఇప్పుడు సోయా చెక్కది. 2021లో సోయా ధర మండిపోవడంతో కేంద్రం జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. సోయా ప్రియమైనప్పుడల్లా పొద్దుతిరుగుడు, వేరుశనగ, పత్తిగింజ, ఆవ చెక్కల వైపు చూపు మళ్లుతుంది.

ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుందని ఛాందోగ్యోపనిషత్తు చెబుతుంది. రామానుజ సంప్రదాయం ఆహారానికి మూడు దోషాలు ఎంచింది. వస్తువు స్వభావం వల్ల కలిగేది జాతిదోషం, అది ఎవరి నుంచి వచ్చిందో వారి వల్ల అంటేది ఆశ్రయదోషం, వెంట్రుకో ధూళో పడితే వచ్చేది నిమిత్తదోషం. జాతిదోషం చూపి గుడ్డును కాదనేవారికి దాణా మారినా ఒరిగేది లేదు. శాకాహార దాణా వాదానికి కాస్త పట్టు దొరికేది ఆశ్రయదోషం దగ్గరే, కోడినే ఆశ్రయంగా తీసుకుంటే. అప్పుడు తేల్చుకోవలసింది, కోడి తిన్నది గుడ్డులోకి దిగుతుందా అని.

దిగుతుంది. పత్తిగింజ చెక్కలోని గాసిపోల్ మోతాదు మించితే నిల్వ ఉంచిన గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. ఆవ జాతి చెక్కలోని సినాపిన్ వల్ల గోధుమరంగు గుడ్లు పెట్టే కొన్ని కోళ్ల గుడ్లకు, అవి చేప ముట్టకపోయినా, చేపవాసన వస్తుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్నే పాడుచేస్తుంది. కాబట్టి మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మేత శుద్ధమనడం చెల్లదు.

అహింస వైపు నుంచి చూసినవారి తర్కం వేరు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆరోగ్యం గురించి రాస్తూ గాంధీజీ, పుంజు తగలకుండా పెట్టిన గుడ్డు పిల్ల కాలేదు గనుక పాలు తాగేవారు దాన్ని కాదనక్కరలేదన్నారు. జైనులు దీన్ని ఒప్పుకోరు. చేపపొడి మానితే చేపల ప్రాణాలు దక్కుతాయి, అది చిన్న మేలు కాదు. అయితే గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ లాభసాటిగా ఎదగవు. అందుకే హేచరీల్లో చాలావాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. ఇరుకు బోనుల్లో పెట్టల బతుకు మరో హింస. ఈ రెండింటినీ ఏ చెక్కా తాకదు.

దాణా మార్పుకు అసలైన నైతిక బలం మరోచోట ఉంది. సోయా మనిషి నేరుగా తినగల గింజ. నూనె తీశాక మిగిలే పత్తి, పొద్దుతిరుగుడు చెక్కలు మామూలుగా మనిషి పళ్లెంలోకి రావు. లైసిన్ కొరత తీర్చి, పీచునూ గాసిపోల్‌నూ హద్దులో ఉంచి వాటిని వాడితే, మనుషుల తిండితో పోటీ ఆ మేరకు తగ్గుతుంది.