విప్పని పెట్టె

మన కల్లూరు ప్రాంతమున వర్తకుడు వడ్లో ప్రత్తియో నిలువ చేయుట వింత కాదు. అయితే పిల్లల ఆటవస్తువును ముద్ర విప్పక బీరువాలో దాచి, ధరకై కాచుకొనుట ఎట్టిది?

డెన్మార్కు దేశపు లెగో కంపెనీవారి కూర్పుబొమ్మల పెట్టెలను నేడు కొందరిట్లు కొనుచున్నారు. తయారీ నిలిచిన పెట్టెలపై సగటున ఏటికి సుమారు 11 శాతము లాభము వచ్చినదని 2022లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. కాని 2007 నాటి ‘మిలీనియం ఫాల్కన్’ పెట్టె వెల ఎంతో పెరిగి, 2017లో అంతకంటె పెద్దది వెలువడగా జారినది.

ధాన్యము దాచినవాడు ఆకలిగొన్నవారిని బాధించును. బొమ్మ దాచినవాడెవరిని బాధించెనని అడుగవచ్చును. నిజమే, బజారున దోషము స్వల్పము. కాని పరిగ్రహ పరిమాణ వ్రతము మనస్సును కూడ చూచును. పరిగ్రహమనగా మమకారమేయని ఉమాస్వాతి ఆచార్యులు తెలిపిరి. ఇంటి బిడ్డ “తాతా, ఒక్కసారి విప్పవా?” అని అడుగగా, పెట్టె నలిగినచో వెల తగ్గునని మన చేయి వెనుకకు పోయినచో, ఆ మమకారము బయటపడినట్లే.

1997 వరకు మన రాయచూరు జిల్లాలోనే ఉండి, నేడు కొప్పళ జిల్లాలోనున్న కిన్నాళలో చిత్రగారులు తేలిక కొయ్యతో బొమ్మలు చేయుదురు. అవి కొన్నచో పనివాని ఇంట పొయ్యి వెలుగును. బిడ్డకు ఆట దక్కును.

లాభమునకై కొనదలచినవారు ముందుగానే మితి వ్రాసికొనవలెను. అప్పు చేసి కొనరాదు. బిడ్డ అడిగిన పెట్టెను విప్పి, ఆ నష్టమును ధర్మపు పద్దున వ్రాసికొనవలెను.