పలకకపోతే లేనట్టేనా?

కనబడలేదు కాబట్టి లేదు అనడం ఎప్పుడు చెల్లుతుంది? భాట్ట మీమాంసకులు, అద్వైతులు దీనికోసం ఆరో ప్రమాణాన్నే ఒప్పుకున్నారు: అనుపలబ్ధి. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదని తెలుస్తుంది. అయితే ఉంటే కనబడి తీరాలి. చీకట్లో వెతికి లేదంటే చెల్లదు. అందుకే యోగ్యానుపలబ్ధి అన్నారు. ప్రమాణాలు నాలుగే అన్న మన తెలుగు నైయాయికుడు అన్నంభట్టు కూడా ఈ షరతును వదల్లేదు.

ఇళ్లలో వైఫై, రౌటర్లు సరిచేయడం నా పని. అక్కడా ఈ షరతే ఎదురవుతుంది. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు పిలిచారు. "కింద కంప్యూటర్ పోయినట్టుంది బాబూ, మేడమీంచి ఎంతకీ దొరకడం లేదు" అన్నారు. పింగ్ కొట్టాను, అంటే 'ఉన్నావా?' అని ఆ కంప్యూటర్ని నెట్‌వర్క్‌లో పిలిచాను. నాలుగు వరసలూ 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. "చూశావా, లేదు" అన్నారాయన.

ఒకే రౌటర్ కింద ఉన్న కంప్యూటర్ నిజంగా ఆగిపోయి ఉంటే విండోస్ మామూలుగా 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అంటుంది. పింగ్‌కు ముందు 'ఈ ఐపీ ఎవరిది?' అని ఏఆర్‌పీ అడుగుతుంది, దానికే జవాబుండదు. ఇక్కడ ఏఆర్‌పీ పాత పట్టిక చెరిపేసి మళ్లీ చూసినా కింది కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ వచ్చి కూర్చుంది. ఉంది, ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతోంది. ఇంటి నెట్‌వర్క్ పబ్లిక్ అని పెట్టి ఉంది. ప్రైవేట్ చేసి, ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే పలికింది.

టీ తాగుతూ మాస్టారు అడిగారు: "మా ఆవిడ మంచాన ఉన్నప్పుడు ఎంత మొక్కానో. పలకని దేవుడు ఉన్నాడని ఎలా అనుకోను?"

ఇలాంటి ప్రశ్నను 10వ శతాబ్దంలో నైయాయికుడు ఉదయనుడు ఎదుర్కొన్నాడు. ఈశ్వరుడు మన కంటికి అందే వస్తువు కాడు కాబట్టి, కనబడకపోవడం ఆయన లేడనడానికి చాలదని న్యాయకుసుమాంజలిలో వాదించాడు. నాకది బలమైన మాటగానే తోస్తుంది. కానీ మాస్టారి బాధ కనబడకపోవడం గురించి కాదు. కరుణామయుడంటే పలకాలి కదా అని. ఉంటే పలికి తీరాలి అన్న షరతు అక్కడ భక్తుడే పెట్టుకున్నాడు, దేవుడి గుణాలను నమ్మి. అప్పుడు మౌనం సాక్ష్యమవుతుంది, ఉదయనుడి జవాబు దానికి సరిపోదు. పైగా నా దగ్గర ఏఆర్‌పీ ఉంది, పింగ్ మూగబోతే ఇంకో దారిలో అడగడానికి. మాస్టారికి అలాంటిదేదో చూపించగలిగితే బాగుండేది. నేను దేవుణ్ణి నమ్ముతాను. అయినా "మీ మొక్కుకు జవాబు రాకపోవడం లెక్కలోకి రాదు మాస్టారూ" అని ఆయనతో అనలేకపోయాను, అనడం న్యాయమనీ అనుకోను.