కోనేటి గట్టున మిగిలినవారు



ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. ఆ పండుగ నాడే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని పాటించాలని 1992లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు నిర్ణయించారు. 1993 నుండి ఏటా పాటిస్తున్నాం. ఆ రోజున మన విచారణలలోని రోగులను గుడికి తీసుకువస్తాం. వారికి అభ్యంగనం ఇస్తాం, పండ్లు పంచుతాం, వారికోసం జపమాల చెబుతాం. మరి ఫిబ్రవరి 12న ఏం చేస్తాం? ఆ మరునాటి సంగతే ఈ వారం మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

యోహాను సువిశేషం 5వ అధ్యాయం తెరవండి. యెరూషలేములో గొర్రెల ద్వారం దగ్గర ఒక కోనేరు, దాని చుట్టూ ఐదు మంటపాలు. ఆ మంటపాల నిండా గుడ్డివారు, కుంటివారు, కాళ్ళు చేతులు పడిపోయినవారు. నీరు కదిలినప్పుడు ముందుగా దిగినవారికి నయమవుతుందని వారి ఆశ. వారిలో ఒక మనిషి 38 ఏళ్ళుగా జబ్బుతో ఉన్నాడు. బాగుపడాలని ఉందా అని ప్రభువు అడిగితే ఔననలేదు, కాదనలేదు. తనను నీటిలో దింపడానికి మనిషి లేడని మొరపెట్టుకున్నాడు. కోనేరు ఉంది, నీరు ఉంది, చెల్లించవలసిన రుసుమూ లేదు. లేనిదల్లా చెయ్యి పట్టి దింపే మనిషి.

మన కాలంలోనూ అటువంటి కోనేరు ఒకటి ఉంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైంది. తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. నేడు తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తోంది. ఒకప్పుడు పొలం అమ్మి, పుస్తెలు తాకట్టుపెట్టి చేయించుకున్న ఆపరేషన్లు ఈనాడు పేద కుటుంబాలకు ఉచితంగా జరుగుతున్నాయి. అందుకు మనం కృతజ్ఞులమై ఉండాలి. అయితే ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారి సంగతి ఏమిటి?

నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. నేను ఇదివరకు పనిచేసిన విచారణలో ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. కార్డు మీద పట్నంలో గుండె ఆపరేషన్ జరిగింది. ఇంటికి వచ్చిన వారానికి నేను వెళ్ళి ప్రార్థన చేశాను. ఆయన భార్య ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు నా చేతికిచ్చి, “ఏం రాశారో కాస్త చూడండి ఫాదరుగారూ” అంది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మొదటి పుటలో పరిస్థితి బాగుందన్న ముక్క చూసి, “అంతా బాగుందమ్మా, దేవునికి స్తోత్రం” అని కవరు తిరిగి ఇచ్చేశాను. ఆదివారం పూజలో ఆ శుభవార్త చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు నెలల తరువాత, తెల్లవారక ముందే ఆమె వచ్చి మా ఇంటి వరండాలో కూర్చుంది. భర్తకు ఆయాసం తిరగబెట్టింది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు అయిపోయాయట. అప్పు చేసి కొన్నాళ్ళు కొన్నారు. తరువాత రోజు విడిచి రోజు మింగించింది. ఆ తరువాత అదీ లేదు. అప్పుడు కవరు పూర్తిగా చదివాను. మళ్ళీ రావలసిన తేదీలు రెండవ పుటలో ఉన్నాయి. ఆ తేదీలకు వెళితే పరీక్షలు, మందులు పథకం కిందనే ఉచితం. ఆ సంగతి వారికెవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. చదువు వచ్చినవాణ్ణి, ఆ కాగితం చేతపట్టుకున్నవాణ్ణి నేనూ చెప్పలేదు.

మా ఉపదేశిగారు వారిని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వివరాలు చూసి ఆ పూటే మందులు ఇప్పించాడు. మేస్త్రి బ్రతికాడు. కాని ఆ మూడు నెలలలో గుండె బలహీనపడింది. మళ్ళీ పరంజా ఎక్కలేకపోయాడు. ఆ ఇంటి బరువంతా కూలికి వెళ్ళే ఆమె మీద పడింది. ఆ కవరును నేను నేటికీ మరువలేదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత అక్వినాసు తోమాసుగారి పాఠం ఒకటి నేర్చుకున్నాం. కట్టెకు మండే శక్తి ఉంది, కాని అది తనంతట తాను మండదు. అప్పటికే మండుతున్న నిప్పు దానిని తాకాలి. దేవుని ఉనికిని గురించిన ఆ పాఠం నాకు ఈ వరండాలో మరో విధంగా అర్థమైంది. చట్టంలో రాసిన హక్కు కట్టె వంటిది. పేదవాని పొయ్యిలో అది వెలగాలంటే ఒక మనిషి వెళ్ళి తాకాలి.

1617లో ఫ్రాన్సు దేశంలోని షాటియోన్ అనే ఊరిలో పునీత విన్సెంట్ ది పాల్‌గారు విచారణ గురువుగా ఉన్నారు. ఊరి వెలుపల ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారని తెలిసి పూజలో ఆ మాట చెప్పారు. మధ్యాహ్నం ఆయన వెళుతుంటే దారి పొడవునా జనమే. ఊరు ఊరంతా ఆ ఇంటికి ఆహారం మోసుకుపోయింది. ఆయన సంతోషించారు, వెంటనే ఆలోచనలో పడ్డారు. ఈ రోజు తినలేనంత ఉంది, కొంత పాడైపోతుంది. మరి రేపు? ఇక్కడ ప్రేమకు కొదువలేదు, దానికి ఒక క్రమం లేదని గ్రహించారు. ఆ ఊరి స్త్రీలను కూర్చి, వంతులవారీగా రోగుల ఇళ్ళకు వెళ్ళే సంఘాన్ని ఏర్పరచారు. లోకమంతా విస్తరించిన ఆయన సేవాకార్యం అలా మొదలైంది.

ప్రియ విశ్వాసులారా, మనకూ కావలసింది ఆ వంతే. ఇకమీదట రోగిని చూడటానికి వెళ్ళినప్పుడు ప్రార్థన ముగిశాక మరో పది నిమిషాలు కూర్చోండి. ఆ కాగితాలు చివరి పుట వరకు చదవండి. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిన తేదీ ఎప్పుడు, తోడు ఎవరు, బస్సు ఛార్జీ ఉందా అని అడగండి. అనుమానం ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోను చేయండి.

పొయ్యి వెలుగుతోందా చూడండి. క్షయరోగికి మంచి తిండి కోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేస్తోంది. ఆ డబ్బు అందుతోందా అడగండి. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పద్ధతి ప్రకారం, రోగి ఒప్పుకుంటే అతని ఆహారం బాధ్యతను మన మరియదళమో యువజన సంఘమో తీసుకోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవారికి, వికలాంగులకు పింఛనుకు దరఖాస్తు చేశారా కనుక్కోండి. ఒంటరి వృద్ధులకు 14567 అనే సహాయవాణి ఉంది. హక్కుగా రావలసింది ఆగిపోతే 1987 నాటి చట్టం ప్రకారం న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయసహాయం చేస్తుంది. స్త్రీలకు, వికలాంగులకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేదు. వారి ఫోను నంబరు 15100.

ఒక్క హెచ్చరిక. రోగం వారిది, రహస్యం వారిది. వారి అనుమతి లేకుండా గుడిలో పేరు చదవకండి, ఫొటోలు తీయకండి. ఏ గుడికి వెళతారని అడగకండి. ఆ కోనేటి దగ్గర ప్రభువు అడిగింది ఒక్కటే, బాగుపడాలని ఉందా అని.

ఈ ఆదివారం పూజ తరువాత ప్రతి ఉపగ్రామం నుండి ఇద్దరు మీ గురువులను కలవండి. ఒకరికి చదవడం రావాలి, మరొకరికి వినే ఓపిక ఉండాలి. మీ పేటలోని రోగుల ఇళ్ళ జాబితా రాసుకోండి. నెలకు ఒకసారి ఆ ఇళ్ళ గడప తొక్కండి. విచారణ నిధిలో రూపాయి లేకపోయినా ఈ పని ఆగదు.

చివరగా ఒక మాట. ఆ 38 ఏళ్ళ రోగిని స్వస్థపరచి ప్రభువు మరచిపోలేదు. తరువాత దేవాలయంలో అతనిని మళ్ళీ కలుసుకుని మాట్లాడాడని సువిశేషం చెబుతోంది. స్వస్థపరచినవాడే తిరిగి పలకరించాడు. మనమూ అలాగే తిరిగి వెళ్దాం. వ్యాధిగ్రస్తుల స్వస్థతయైన మరియమాత మన అడుగులకు తోడుండి నడిపించునుగాక. ఆమెన్.