రెండో పాఠం

పిల్లవాడికి ఇంగ్లీషు నేర్పడంలో ధర్మాధర్మాల చర్చ ఏముంటుంది? రంగుల పేర్లు, జంతువుల పేర్లు, ఇరవై దాకా అంకెలు, నాలుగు మర్యాద మాటలు. కానీ స్పానిష్ మాట్లాడే ఒక ఇంట్లో నాలుగున్నరేళ్ళ పిల్లవాడికి వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాక, ఆ చర్చ తప్పించుకోవడం నావల్ల కాలేదు.

ఉత్తర టెక్సాస్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలోనే కింది అంతస్తులో ఉంటారు వాళ్ళు. తల్లిదండ్రులిద్దరూ మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. ఆయన ఇళ్ళకి పైకప్పులు వేసే పనికి వెళ్తాడు, ఆవిడ ఆఫీసులు శుభ్రం చేస్తుంది. ఆగస్టులో పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో చేరాలి. బళ్ళో వాడు మూగవాడిలా కూర్చోకూడదని ఆవిడ కోరిక. ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన స్పానిషూ కలిపితే ఒక మనిషి మాట్లాడేంత అవుతుంది. అలా కలుపుకునే రెండో వారంలో అడిగింది: "ఇకమీదట మేం కూడా వాడితో ఇంగ్లీషే మాట్లాడాలా, మాయెస్త్రా?" మాయెస్త్రా అంటే పంతులమ్మ.

ఇంగ్లీషు ఈ పిల్లవాడికి ఎక్కడ కొరుకుడు పడదో తెలుగువాళ్ళకి తొందరగానే తెలుస్తుంది. స్పానిష్‌లో మాట మొదట్లోనే 'స' మీద ఇంకో హల్లు వచ్చి కూర్చోదు. దాని ముందు ఒక 'ఎ' కావాలి. అందుకని స్కూలు వాడి నోట్లో 'ఎస్కూల్' అవుతుంది, మన ఊళ్ళలో 'ఇస్కూలు' అయినట్టే. స్పానిష్‌లో ఆకలి 'వేయదు', అది మన దగ్గర 'ఉంటుంది'. కాబట్టి వాడు 'ఐ హావ్ హంగర్' అంటాడు. వయసూ అంతే, 'ఐ హావ్ ఫోర్ ఇయర్స్'. ఇవి తెలివితక్కువ తప్పులు కావు. ఒక భాష వ్యాకరణం ఒంటికి పట్టినవాడు మాత్రమే చేయగల తప్పులు. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'ఉస్తేద్' అనాలని, తనతో అయితే 'తూ' చాలని వాళ్ళమ్మ వాడికి నేర్పింది. మన మీరు, నువ్వు లాంటివే. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే 'యూ'. ఆ తేడా పోతే ఏం పోతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ మొదటి పాఠం. దాని వెనకాలే ఇంకో పాఠం నడుస్తుందని ఒక సాయంత్రం చూశాను. ఆవిడ పనినుంచి వచ్చి, వాడి బొమ్మల పుస్తకం తీసుకుని చదవబోయింది. స్పానిష్‌లో అచ్చు ధ్వనులు ఐదే. అందులో ఇ, ఈ అనే తేడా లేదు. గొర్రె బొమ్మ దగ్గర ఆవిడ నోట 'షీప్'కి బదులు 'షిప్' వచ్చింది. వాడు పడీపడీ నవ్వి, "నో, మామీ, షీప్!" అన్నాడు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే పుస్తకం మూసి నా చేతికిచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ వాడికి ఏ భాషలోనూ ఏదీ చదివి వినిపించలేదు.

పిల్లవాడు చేసింది నేరం కాదు. వాడు నేర్చుకున్నది సరైన మాటే. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా నేర్చుకుంటున్నాడు: ఈ ఇంట్లో పెద్ద భాష ఒకటుంది, అది అమ్మకి రాదు, నాకొచ్చు. ఈ పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. కానీ పిల్లలు అన్నిటికంటే తొందరగా పట్టేది దీన్నే. నేర్పేవాళ్ళ బాధ్యత మొదటి పాఠంతో అయిపోతుందా, ఈ రెండోదానికి కూడా వాళ్ళు పూచీ పడాలా? నా ప్రశ్న ఇదే.

ఈ రెండో పాఠాన్ని కావాలనే నేర్పిన రోజులూ ఉన్నాయి. ఇదే టెక్సాస్‌లో మార్ఫా అనే చిన్న ఊళ్ళో, మెక్సికన్ పిల్లల కోసం విడిగా నడిపిన బ్లాక్‌వెల్ స్కూల్లో, 1954లో స్పానిష్ భాషకి ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. ఇక స్పానిష్ మాట్లాడబోమని పిల్లలచేత కాగితాల మీద రాయించి, పెట్టెలో పెట్టి, బడి ఆవరణలో పాతిపెట్టించారు. ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తిస్తూ 2022లో చట్టం చేశారు. మనం దీన్ని ఎక్కడో జరిగిన వింతగా చదవలేం. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడల్లో పలకలు వేలాడదీసిన సంగతి 2009లో కడప జిల్లా నుంచే బయటికొచ్చింది.

అయితే ఇక్కడ ఆగిపోయి, "అమ్మా, నీ భాష బంగారం, దాన్ని కాపాడుకో" అని ఆవిడకి చెప్పడం నాకు సిగ్గుచేటుగా తోచింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామన్నప్పుడు, వద్దన్నవాళ్ళని జనం ఒకటే అడిగారు: మీ పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారు? మీడియం సంగతి ఎలా ఉన్నా, ఆ ప్రశ్న న్యాయమైనది. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టే ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది. డాక్టరు దగ్గర, బ్యాంకులో, ఇంటి ఓనరు ముందు నేను నా మాట నేనే చెప్పుకోగలను. ఆవిడ చెప్పుకోలేదు. నాలుగేళ్ళు పోతే ఆ పిల్లవాడే అమ్మ రోగం డాక్టరుకీ, డాక్టరు మాట అమ్మకీ చేరవేసే దుబాసీ అవుతాడు. తనలా కొడుకు ఇంకొకరి నోటి మీద ఆధారపడకూడదని ఆవిడ అనుకుంటే, అందులో బానిసత్వం ఏమీ లేదు. కడుపు నిండినవాళ్ళు ఉపవాసం గొప్పతనం చెప్పినట్టుంటుంది నేను కాదంటే.

రిచర్డ్ రోడ్రిగెజ్ 1982లో రాసిన ఆత్మకథ 'హంగర్ ఆఫ్ మెమరీ' ఈ చిక్కుని ఏ పక్కా దాచకుండా చెప్తుంది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఆయన చిన్నప్పుడు బడి నుంచి నన్లు ఇంటికొచ్చి, పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడమని తల్లిదండ్రులని కోరారు. వాళ్ళు సరేనన్నారు. పిల్లలకి ఇంగ్లీషు వచ్చింది, ఇల్లు మాత్రం నిశ్శబ్దమైపోయింది. అయినా రోడ్రిగెజ్ ఆ నన్లని తిట్టడు. బయటి లోకంలో మాట్లాడే హక్కు తనకి ఇంగ్లీషే ఇచ్చిందంటాడు, ద్విభాషా విద్యని గట్టిగా వ్యతిరేకిస్తాడు. లాభం నిజమే, నష్టమూ నిజమే అని ఒప్పుకునే పుస్తకం కాబట్టి దాని మీద నాకు గౌరవం. కానీ ఆ నష్టం తప్పనిసరి అన్న దగ్గర ఆయనతో నాకు పేచీ. పిల్లలకి ఇంగ్లీషు రావడానికి ఇల్లు నిశ్శబ్దం కానక్కర్లేదు. బడి ఉంది, పక్కింటి పిల్లలున్నారు, లైబ్రరీ ఉంది, టీవీ ఉంది, నాలాంటివాళ్ళున్నారు. వాడికి ఇంగ్లీషు ఇవ్వగలిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు. పూర్తి మనిషిగా మాట్లాడే తల్లిని ఇవ్వగలిగింది ఆవిడొక్కతే.

నేను స్పానిష్‌ని కాపాడమనడం లేదు. కోట్లమంది మాట్లాడే ఆ భాషకి నా కాపలా అక్కర్లేదు. కాపాడవలసింది ఆవిడ స్థానాన్ని. స్పానిష్‌లో ఆవిడ చతురురాలు. ఫోన్లో అక్కచెల్లెళ్ళని నవ్విస్తుంది, బేరమాడుతుంది, వాడు అబద్ధమాడితే ఒక్క మాటతో పట్టేస్తుంది. ఇంగ్లీషులో ఆవిడకి వర్తమాన కాలం, పాతిక క్రియలు మాత్రమే ఉన్నాయి. ఆ పాతిక క్రియలతో కొడుకుని పెంచమంటే, వాడికి ఏం చెప్పగలదు? తిను, పడుకో, వద్దు, త్వరగా. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆవిడకి తన భాష కావాలి.

అందుకే ఆవిడకి నేనిచ్చిన జవాబు ఇది: ఇంగ్లీషు పని నాకూ బడికీ వదిలెయ్యి, వాడితో నువ్వు నీ భాషలోనే మాట్లాడు, తిట్టు, కథలు చెప్పు. నువ్వు కూడా ఇంగ్లీషు నేర్చుకో, కానీ వాడి కోసం కాదు, నీ కోసం, నీ డాక్టరు కోసం. నమ్మకం కుదిరినట్టు లేదు. "బళ్ళో వెనకబడితే?" అంది. మొదట్లో కొన్ని నెలలు వెనకబడొచ్చు అన్నాను. ఆ మాట దాచి సలహా ఇవ్వడం న్యాయం కాదు.

నా వైపు నుంచి పాఠం కూడా మార్చాను. ఇప్పుడు సగం సేపు వాడే నాకు పంతులు. స్పానిష్‌లో నాలిక కొసతో గిలకరించే బండి 'ర' తెలుగు నాలికకి కష్టం కాదు కానీ, ఏ మాట పుంలింగమో ఏది స్త్రీలింగమో నేను రోజూ తప్పులు చెప్తాను. బల్ల ఎందుకు ఆడదో, పుస్తకం ఎందుకు మగదో వాడికీ తెలీదు, వాళ్ళమ్మనడిగి వస్తాడు. పెద్దవాళ్ళకి రాని భాషలుంటాయనీ, రాకపోవడం నామోషీ కాదనీ, అమ్మకి తెలిసినవి పంతులమ్మకి కూడా తెలియవనీ వాడికి అలా తెలిస్తే చాలు. రెండో పాఠాన్ని ఆపలేం, కనీసం అందులో ఏముండాలో కొంత మార్చొచ్చు.

వాడి ఇంగ్లీషు గురించి నాకు బెంగ లేదు. ఇంకో మూడేళ్ళలో వాడు నా ఉచ్చారణని కూడా దిద్దుతాడు. పదిహేనేళ్ళప్పుడు ఏదో తప్పు చేసి, లేదా ఎవరో మనసు విరిచేసి, రాత్రి వంటింట్లో అమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు, వాడికి చెప్పుకునే మాటలూ ఆవిడకి ఓదార్చే మాటలూ ఒకే భాషలో ఉంటాయా అన్నదే నా బెంగ.