వల్లెవేసిన సత్యము

పరీక్షలో విద్యార్థి వ్రాసిన వాక్యము సత్యమైనంతమాత్రమున వాని సమాధానము సత్యమగునా? పదవతరగతి చదువు బిడ్డగల ప్రతి యింటికిని ఈ ప్రశ్న సంబంధించినదే. అయినను విచారించువా రరుదు. “కటకసామర్థ్యము నాభ్యంతరమునకు విలోమము” అని నిమ్మాడ గ్రామపు బాలుడొకడు భౌతికశాస్త్రపు పత్రమున వ్రాసెననుకొందము. వాక్యమున దోషము లేదు. మార్కులును వచ్చును. కాని కటకమును చేతబట్టి యెరుగనివాడు ఆ మాట వ్రాయుట, తాను చూడని సంగతికి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుటవంటిది. చెప్పినది నిజమే, సాక్షి మాత్రము నిజమైనవాడు కాడు.

మన పెద్దలు ఎక్కములను, శతకపద్యములను అర్థము తెలియకముందే వల్లెవేయించిరిగదా యని కొందరందురు. ఆ కంఠపాఠమును నేను నిందింపను. పద్యము నోట నిలిచి, ఏండ్లు గడచినకొలదిని అర్థమును విప్పుచుండును. ఎక్కము అంగడిలో దినదినము అక్కరకు వచ్చును. మార్చి నెలకొరకై నేర్చిన ఓము నియమమో, వేసవిసెలవులు ముగియకముందే మాసిపోవును. కరోనావలన 2020, 2021 సంవత్సరములలో మన రాష్ట్రమున పదవతరగతి పరీక్షలు రద్దయినవి. పరీక్షకొరకే నేర్చినదానికి ఆ యేండ్ల పనియేమి మిగిలినది?

ఇంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు. ఎచ్చెర్లలో 2016లో స్థాపితమైన, ప్రజలు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విద్యాలయమున ప్రవేశము సాధారణముగా పదవతరగతి మార్కులనుబట్టియే. నిమ్మాడను దాటిపోవు జాతీయరహదారియే ఎచ్చెర్లకును పోవును. కాని పేదబిడ్డకు ఆ దారిని తెరచునది మార్కులపట్టిక. అట్టివానితో ముందు గ్రహింపుము, మార్కులమాట పిమ్మట ననుట కడుపునిండినవాని నీతి. కావున దోషము బాలునిపై మోపజాలను. గ్రహించుటకు తీరిక లేదని వానిని నమ్మించిన పెద్దలదే యని నా యభిప్రాయము.

గ్రంథమున నున్నదానిని కంటితో సరిచూచుట అవిధేయత కాదు. బాల్యమున విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వెంకట రామను 1921లో ఐరోపానుండి ఓడలో మరలివచ్చుచు, సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యన్న రాలీ ప్రభువు మాటను ఒక చిన్న పట్టకముతో పరీక్షించెను. నీటిపై పరావర్తనము చెందిన కాంతిని తొలగించినను నీలిమ పోలేదు.

మన పిల్లలకు ఓడయు అక్కరలేదు, పట్టకమును అక్కరలేదు. పలాసలో జీడిపప్పు పొట్టుతీయు స్త్రీల నెరుగుదుము. నలువదియేండ్లు దాటినపిదప చత్వారము వచ్చును. దగ్గరిపనికి కండ్లద్దములు కావలసివచ్చును. ఆ యద్దము కుంభాకార కటకమే. ఎండలో దానిని కాగితమునకెదురుగా పట్టి దూరము మార్చుచుపోగా, సూర్యుని ప్రతిబింబము మిక్కిలి చిన్నదై నిలుచు చోటు దొరకును. (అద్దములోనుండి సూర్యుని చూడరాదని ముందే హెచ్చరింపవలెను, కన్ను చెడును.) అద్దమునకును కాగితమునకును నడిమి దూరము అరమీటరైనచో, దాని సామర్థ్యము రెండు డయాప్టరులు. కండ్లవైద్యుని చీటీలో నున్నదియు ఆ యంకెయే. ఇట్లు కొలిచిన బాలికకు ఆ నియమము తల్లి కన్నుల సంగతిగా జ్ఞాపకముండును. పరీక్షలోను మార్కులు తక్కువ రావు.

దీనికి పావుగంట చాలును. ఆ పావుగంటసేపు తల్లి తన యద్దములను బిడ్డకీయవలెను. అంతవరకు ఆమె పని నిలిచిపోవును. తూకమునుబట్టి యిచ్చు కూలియైనచో, ఆ మేరకు కూలియు తగ్గును.