సీసాలోని సత్యము

పర్యుషణ పర్వదినములలో మా చెల్లెలు నన్నొక ప్రశ్న అడిగినది. ఆమె కుమారుడు రసాయనశాస్త్రము చదివి, నాగపూరులో ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. “అన్నయ్యా, చనిపోయినవారి పేగులు, కాలేయము ముట్టు పనియట. అది పోనీ, స్నానము చేసి ఇంటికి వచ్చును. వీడు వ్రాసిన కాగితము వలన ఒకనికి ఉరి పడినచో ఆ పాపమెవరిది?”

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న చట్టము, 7 సంవత్సరములు లేక అంతకు మించి శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలమునకు పోవలెనని చెప్పుచున్నది. మన పిల్లలు ఇంకను ఎందరో ఈ పనిలో చేరుదురు.

2023లో మా అహేరి తాలూకా మహాగావ్‌లో జరిగినది చదువరులు మరచియుండరు. సెప్టెంబరులో భార్యాభర్తలు జబ్బుపడిరి. తిన్న తిండి చెడినదనుకొనిరి. సుమారు 20 దినములలో ఆ కుటుంబమువారు, దగ్గరి బంధువులు కలిపి ఐదుగురు పోయిరి. కాళ్లుచేతులు తిమ్మిరెక్కుట, నడుము నొప్పి, పెదవులు నల్లబడుట అందరికిని ఒకే తీరు. అన్నపానములలో లోహవిషము కలిపిరని చెప్పి పోలీసులు అక్టోబరులో ఇద్దరు స్త్రీలను పట్టుకొనిరి. దోషులెవరన్నది న్యాయస్థానము చెప్పవలసిన మాట, నేను చెప్పను. కాని విషమునకు పేరు తెలిసిననే విరుగుడు తెలియును. థాలియమునకిచ్చు మందు వేరు, పాషాణమునకిచ్చు మందు వేరు. ప్రయోగశాల మాట చనిపోయినవారి కొరకే కాదు, మంచము మీదనున్నవారి కొరకు కూడ.

అయినను చెల్లెలి ప్రశ్న తీరలేదు. సమంతభద్రాచార్యులు రత్నకరండకములో శ్రావకుని సత్యవ్రతము చెప్పుచు, ఇతరులకు ఆపద తెచ్చు సత్యమును కూడ పలుకరాదనిరి. లేడి ఎటు పోయెనని వేటగాడడిగినప్పుడు మౌనము ప్రాణము కాపాడును. ప్రయోగశాలవాని మౌనము మాత్రము ఇంకొక ఇంటి కుండలో విషము పడుటకు చోటిచ్చును. “ఉరి వేయునది నేను కాదు, న్యాయాధిపతి” అని తప్పించుకొనుట మాత్రము మనకు చెల్లదు. చేసినది, చేయించినది, ఒప్పుకొన్నది మూడును మన లెక్కలోనివే.

నాకు దారి చూపినది తత్త్వార్థసూత్రము. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, ప్రాణమునకు హాని చేయుటయే హింస యని అందు కలదు. ఇక ఆ పని ఎట్లు జరుగునో మేనల్లుని అడిగితిని. అవయవములను చిక్కని ఉప్పునీటిలో ఉంచి, సీసాకు లక్కముద్ర వేసి పంపుదురట. ఆ ఉప్పునీటిని వేరొక సీసాలో విడిగా పంపుదురు, దోషము దానిలోనే ఉన్నదేమో చూచుటకు! 1836లో ఇంగ్లండులో జేమ్స్ మార్ష్ పాషాణము కనిపెట్టు పరీక్ష వెలువరించెను. ఆ పరీక్షలో వాడు జింకులోనే పాషాణముండవచ్చును. కనుక ముందు ఉత్త జింకును, ఉత్త ఆమ్లమును పరీక్షించవలెను.

ఇది విని నేను నవ్వితిని. ఒకప్పుడు నా దుకాణములో తక్కెడ తట్ట క్రింద బెల్లపుముద్ద అంటుకొని, రెండు దినములు అట్లే తూచితిని. మోసపు తలంపు లేదు, కాని కొన్నవారికి నష్టము కలిగినది. ఖాళీ తక్కెడ ముందుగా చూడని వాడు తప్పించుకొను మాట లేదు.

ఇంకొక చిక్కు కలదు. సీసాలతో పాటు వచ్చు ఉత్తరములో పోలీసులు ఏమి అనుమానించుచున్నారో వ్రాసియుండును. అదియే కనబడవలెనను కోరిక మనస్సున పుట్టును. అట్టి కోరికతో వ్రాసిన కాగితము, సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలోని కూటలేఖక్రియయే. కనబడనప్పుడు “లేదు” అని వ్రాయరాదు. “ఈ పరీక్షలో కనబడలేదు” అని వ్రాయవలెను. స్యాద్వాదము విన్నవారికి ఈ రెంటి భేదము చెప్పనక్కరలేదు.

ఇదంతయు చెల్లెలితో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “పాపము లేదని నీవనలేదన్నయ్యా, జాగ్రత్త అన్నావు” అన్నది. అవునంటిని. ఉద్యోగపు ఉత్తరువు వచ్చినది. వాడు నాగపూరు వెళ్లినాడు.